ప్రార్థన కూటానికా, ఏఏ మీటింగ్‌కా?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మావారికి పదిహేనేళ్లుగా తాగుడు అలవాటు. ఈమధ్య స్వస్థత ప్రార్థనలో పాస్టర్ గారు తలకు నూనె రాసి ప్రార్థించారు. ఆ రాత్రి నుంచి మందు ముట్టలేదు. మూడో రోజుకు ఒళ్లంతా వణుకు, చెమటలు. గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు. దురాత్మ వదులుతోందన్నారు కొందరు. తట్టుకోలేక మళ్లీ తాగారు. మా విశ్వాసం చాలలేదా? – ఓ సోదరి, తెనాలి

జవాబు: మీ విశ్వాసానికీ ఆ వణుకుకూ సంబంధం లేదమ్మా. అది దురాత్మ పనీ కాదు. మందు మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి తాగేవారిలో మెదడు దాన్ని ఎదుర్కోవడానికి ఎప్పుడూ ఉద్రేకంగా ఉండటం నేర్చుకుంటుంది. ఉన్నట్టుండి మందు ఆపేస్తే ఆ ఉద్రేకానికి పగ్గం ఉండదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఈ స్థితిని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రిలో అయితే ఔషధాలతో, విటమిన్ బి1 ఇంజెక్షన్లతో ఆ గండం దాటిస్తారు. ఈసారి మాన్పించే ముందే సైకియాట్రిస్టుకు చూపించండి. పాస్టర్ గారిని ఆసుపత్రికే పిలవండి, మంచం పక్కనే ప్రార్థిస్తారు.

ప్రశ్న: ఎనిమిది నెలలుగా ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్‌లకు వెళ్తూ మందుకు దూరంగా ఉన్నాను. అక్కడ ఎవరి దేవుడు వారికే గానీ, యేసు ప్రభువు పేరెత్తరు. ప్రార్థనతో స్వస్థత దొరుకుతుంటే తాగుడు మానడానికి ఏఏ చెప్పే ఈ పన్నెండు మెట్లు ఎందుకని సంఘంలో అడుగుతున్నారు. – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ మెట్లు పుట్టింది క్రైస్తవ ప్రార్థన కూటాల్లోనే. లూథరన్ పాస్టర్ ఫ్రాంక్ బుక్‌మన్ నడిపిన ఆక్స్‌ఫర్డ్ గ్రూపు నుంచి ఏఏ వచ్చింది. దాని స్థాపకుల్లో ఒకరైన బిల్ విల్సన్‌కు 1934 డిసెంబరులో గొప్ప వెలుగు తనను కమ్మేసిన అనుభవం కలిగింది. అదీ న్యూయార్క్‌లో, తాగుడుకు చికిత్స పొందుతున్న ఆసుపత్రి గదిలో. ఆ తర్వాత ఆయన తాగలేదు. అయినా 1935 మేలో, అక్రన్‌లోని ఓ హోటల్లో ఒంటరిగా ఉన్నప్పుడు బారు వైపు మనసు లాగింది. చర్చి పెద్దలకు ఫోన్లు చేసి, తనలాంటి మరో తాగుడు బాధితుణ్ని వెతుక్కున్నారు. అలా దొరికినవారే ఏఏ మరో స్థాపకుడు డాక్టర్ బాబ్. అంత అనుభవం కలిగినవారికీ తోడు మనిషి కావాల్సి వచ్చింది.

యాకోబు పత్రిక 5వ అధ్యాయం తీయండి. నూనె రాసి ప్రార్థించమని ఉన్నచోటే, పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకోమనీ ఉంది. ఏఏలో ఐదో మెట్టు అదే. ఇక జక్కయ్య యేసును ఇంటికి చేర్చుకుని ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. తొమ్మిదో మెట్టు అడిగేదీ అలాంటి దిద్దుబాటే. పదకొండో మెట్టు ప్రార్థనే. మీటింగ్‌లో ఎవరి దేవుణ్ని వారు తలచుకుంటారు, మీరు మీ ప్రభువును తలచుకోండి. 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు, 10,565 మంది వివరాలను పరిశీలించింది. ఓ పద్ధతి ప్రకారం ఏఏతో అనుసంధానం చేసే చికిత్స తీసుకున్నవారిలో, ఇతర చికిత్సల కంటే ఎక్కువమంది మందుకు పూర్తిగా దూరంగా ఉండగలిగారు. సంఘంవారికి ఈ మాట చెప్పి, మీటింగ్ మాత్రం మానకండి.

ప్రశ్న: మా చర్చిలో ఏఏ లాంటి గ్రూపు పెట్టాలనుకుంటున్నాను. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – ఓ పాస్టర్, కాకినాడ

జవాబు: మంచి ఆలోచన అయ్యగారూ. 1991లో కాలిఫోర్నియాలోని సాడిల్‌బ్యాక్ చర్చిలో జాన్ బేకర్ ‘సెలబ్రేట్ రికవరీ’ ఇలాగే ప్రారంభించారు. కొండమీద ప్రసంగంలోని ధన్యతలను, పన్నెండు మెట్లను కలిపి నడిపారు.

మీకు నా సూచనలు నాలుగు. మానేసిన వారానికే వేదికెక్కించి సాక్ష్యం చెప్పించకండి. అంతమంది చప్పట్లు కొట్టాక కాలు జారితే, ఆ మనిషి సిగ్గుతో చర్చి గడప తొక్కడు. గ్రూపులో విన్నది ఆదివారం ప్రసంగంలోకి రానివ్వకండి, పేరు చెప్పకపోయినా ఊళ్లో ఇట్టే గుర్తుపడతారు. మళ్లీ తాగినవారికి విశ్వాసం లేదనే ముద్ర వేయకండి. డాక్టరు రాసిన మాత్రలు ఆపమని ఎవరూ, ఎప్పుడూ చెప్పకూడదు.

ప్రశ్న: తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ మాత్ర వాడుతున్నాను. ప్రభువు బల్ల తీసుకోవచ్చా? – ఓ సోదరుడు, ఒంగోలు

జవాబు: ఆ గిన్నెలో ఏముందో ముందు కనుక్కోండి. పులియని ద్రాక్షరసమైతే ఫర్వాలేదు. వైన్ అయితే గుటకెడైనా వద్దు. ఆ మాత్ర వాడుతుండగా మద్యం లోపలికి వెళ్తే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ రావచ్చు. రొట్టె మాత్రం తీసుకోండి, లేదా రసం ఇమ్మని పాస్టర్ గారిని అడగండి. స్పిరిట్ కలిసిన టానిక్కులు, దగ్గు మందుల విషయంలోనూ ఇదే జాగ్రత్త. మాత్ర ఆపేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు.

పాఠకులకు ఒక మాట: మత్తు వదిలించుకోవాలనుకునేవారు కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు, మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ప్రార్థన చేసుకునే ఫోన్ చేయండి, కానీ ఈరోజే చేయండి.