ఓర్పే విజయసోపానం

అంతర్జాలంలో కళాశాల బాస్కెట్‌బాల్ జట్టును నడిపే ఆటలు ఉన్నాయి. వాటిలో బలహీనమైన జట్టును చేపట్టినవారు కొన్ని ఓటములకే విసిగిపోతారు. నిజమైన క్రీడారంగం నేర్పే పాఠం వేరు.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో బేలర్ విశ్వవిద్యాలయం ఉంది. 2003లో స్కాట్ డ్రూ శిక్షకుడిగా వచ్చేనాటికి అక్కడి పురుషుల జట్టు అపకీర్తి పాలై, ప్రధాన క్రీడాకారులను కోల్పోయింది. పూర్వపు నియమోల్లంఘనలకు శిక్షగా 2005-06లో తన కూటమికి వెలుపలి జట్లతో ఆడే అవకాశమూ పోయింది. అయినా డ్రూ నిరాశ చెందలేదు. కొత్త యువకులను చేర్చుకొని, ఏటేటా తీర్చిదిద్దారు. 2008లో, 20 ఏండ్ల తరువాత, జట్టుకు జాతీయ పోటీలో స్థానం దక్కింది. 2021లో, ఆ ఏడు అంతవరకు ఓటమి ఎరుగని గొంజాగా జట్టును 86-70 స్కోరుతో ఓడించి బేలర్ జాతీయ విజేతగా నిలిచింది.

పునాది వేసిననాడే శిఖరాన్ని ఆశించరాదు. బేలర్ జట్టుకు ఆ శిఖరం 18 ఏండ్లకు అందింది.