‘కట్టు’ ధాతువు – నామనిష్పత్తి, అర్థభేదము

ఆంగ్లమునందలి ‘బైండ్’ అను సామాన్యక్రియనుండి బాండు, బ్యాండు, బండిలు మున్నగు నామములు ఏర్పడినవి. ఒకటి ఒడంబడిక పత్రము, ఒకటి పట్టీ, మరియొకటి మూట. ఈ క్రియయు, సంస్కృతమున క్ర్యాదిగణములోని ‘బంధ్’ ధాతువును ఏకమూలజనితములు. మనకును బంధము, బంధువు, నిబంధన, ప్రబంధము అనునవి ఆ ధాతువునుండియే లభించినవి. తెలుగు ‘కట్టు’ వేఱు కుటుంబమునకు చెందినదయ్యును అదే త్రోవ నడచినది.

చీరాలకు చేరువనున్న వాడరేవును చూడుడు. ‘వాడ’ యనగా ఓడ. దుంగలను త్రాళ్లతో కట్టి చేసినదానిని ఈ తీరమున తెప్ప యందురు. తమిళులు ‘కట్టుమరం’ అందురు. ఆంగ్లేయుల ‘కాటమరాన్’ ఆ తమిళపదమే. ఇక చీరాల నేతచీర విషయము. చీరకట్టు అనునపుడు ‘కట్టు’ భావార్థకము, కట్టెడు తీరు అని యర్థము. నూలుకట్టలో ‘కట్ట’ కర్మార్థకము, కట్టబడినది. చెఱువుకట్టలో అదే ‘కట్ట’ కరణార్థకము, నీటిని కట్టుటకు సాధనమైనది. రూప మొక్కటే, కారకము మాఱినది. ఈ భేదమును గుర్తింపక నిఘంటువులలో అర్థములను వరుసగా పేర్చుట వలన విద్యార్థికి ప్రయోజనము స్వల్పము. కట్టడము, కట్టడి, కట్టుకథ, తలకట్టు, కనికట్టు అనువానిని కూడ ఈ దృష్టితోనే పరిశీలింపవచ్చును.

విశేషముగా విచారింపవలసినవి కట్టుబాటు, కట్టుబడి. రెండును ‘కట్టుబడు’ నుండి పుట్టినవే. చెడు–చేటు వలె పడు–పాటు; సరళాదేశముచే ‘బాటు’. కట్టుబాటు కులమునకో గ్రామమునకో చెందిన నియమము. కట్టుబడి యన్నచో నేటి పాఠకునకు మాటకు నిలుచుట మాత్రమే తోచును. కాని పూర్వపు ఈనాము పత్రములలో అది ఈనాము భూమిపై సర్కారుకు చెల్లింపవలసిన, తగ్గించి స్థిరపఱచిన శిస్తు. రాబడి, పెట్టుబడి, దిగుబడి అను మాటలలోని ‘బడి’కి లెక్కల వాసన కలదు, ‘పన్ను కట్టు’ అను వాడుకయు ఉన్నది. కావున ఈ యర్థము వింతకాదు. (పలుకుబడికి మాత్రము ఆ వాసన లేదు, ప్రత్యయము ఎల్లయెడల మన మాట వినదు.) పాతపత్రములోని కట్టుబడిని విధేయతగా చదివినచో శిస్తు చెల్లించు ఈనాముదారు విధేయుడైన సేవకుడుగా మాఱిపోవును. భూమి చరిత్ర వ్రాయువారికి ఇది చిన్న పొరపాటు కాదు.

కృష్ణపై విజయవాడకడ 1855లో పూర్తియైన ఆనకట్టను ఆంగ్లపత్రములు ‘అనికట్’ అనియే వ్యవహరించినవి. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. దాని క్రింద సాగగు నేల నేటికిని ఆయకట్టే. ఆ మాటయు భారతీయాంగ్లమున చేరినది.

అయితే పోలిక కనబడినంతమాత్రాన వంటచెఱకగు ‘కట్టె’ను ఈ వర్గమున చేర్పరాదు. మోపుగా కట్టుదురు కనుక కట్టె యనుట లౌకికవ్యుత్పత్తి. తమిళమునందును ‘కట్టై’ యనగా మొద్దు, దుంగ. అది వేఱు మాట. ఆంగ్లమున ఎల్ల యను నర్థముగల ‘బౌండ్’ కూడ ఇట్టిదే. ‘బైండ్’ యొక్క భూతరూపమును పోలియున్నను, దానికి పుట్టుక ఫ్రెంచిభాషలో.