నిప్పు – నిదానం

ఉద్దేశం: ఆధునిక వంట సాధనాల వెనుక ఉన్న విజ్ఞానాన్ని తెలియజేయడం, ఎంత శక్తిమంతమైన సాధనానికైనా మానవుని వివేకం తోడు కావాలని బోధించడం.

పంట చేతికందిన వేళ నలుగురితో కలిసి విందారగించే ఆచారం అనేక దేశాలలో ఉంది. మనకు సంక్రాంతి ఎటువంటిదో, అమెరికా ప్రజలకు 'థ్యాంక్స్ గివింగ్' అటువంటిది. 1863లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఈ కృతజ్ఞతా దినాన్ని దేశమంతటా జరుపుకోవాలని ప్రకటించాడు. 1941లో ఆ దేశ చట్టసభ నవంబరు నెల నాలుగవ గురువారాన్ని ఇందుకు నిర్ణయించింది. ఆనాటి విందుకు టర్కీ కోడి ప్రధానం. చిలగడదుంపలు, క్రాన్‌బెర్రీ పచ్చడి, గుమ్మడికాయతో చేసిన తీపి వంటకం దానికి తోడుగా ఉంటాయి. ఇంటిలోని ఓవెన్ ఇన్ని వంటలకు చాలదు. అందువలన కొందరు గృహస్థులు కోడిని పెరటిలోని గ్రిల్ మీద కాలుస్తారు. ఆ గ్రిల్లులలో పరారుణ కిరణాలతో పనిచేసేది ఒక రకం.

పరారుణ కిరణాల ఉనికిని 1800లో ఇంగ్లండులోని ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ కనుగొన్నాడు. ఆయన సూర్యకాంతిని పట్టకం గుండా ప్రసరింపజేసి, ఒక్కొక్క రంగులోను థర్మామీటరును ఉంచి ఉష్ణోగ్రతను కొలిచాడు. ఎరుపు రంగుకు ఆవల, ఏ వెలుగూ కనిపించని చోట పాదరసం మరింత పైకి ఎగబాకింది. కంటికి కనిపించని కిరణాలు కూడా వేడిని మోసుకొని వస్తాయని ఆ విధంగా లోకానికి తెలిసింది.

ఈ కిరణాలు మనకు కొత్తవి కావు. కణకణలాడే బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తును కాల్చేటప్పుడు గింజలకు తగిలే సెగలో అధికభాగం వీటిదే. పరారుణ గ్రిల్లులో బొగ్గులకు బదులు వేలాది సన్నని రంధ్రాలు గల పింగాణీ ఫలకం ఉంటుంది. గ్యాసు ఆ రంధ్రాల వద్ద మండగా ఫలకం ఎరుపెక్కి కిరణాలను వెదజల్లుతుంది. కొన్ని గ్రిల్లులలో వేడి 400 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. పలుచని మాంసపు ముక్కలు నిమిషాలలో ఎర్రగా వేగి కమ్మని వాసనలు వెదజల్లుతాయి.

అయితే ఐదారు కిలోల కోడి విషయం వేరు. పరారుణ కిరణాలు మాంసం ఉపరితలాన్ని మాత్రమే వేడి చేస్తాయి. అక్కడి నుండి వేడి ఉష్ణవహనం ద్వారా మెల్లమెల్లగా లోపలికి చేరాలి. మందం రెట్టింపైతే పట్టే కాలం దాదాపు నాలుగు రెట్లవుతుంది. మంటను పెంచితే చర్మం మాడుతుందే కాని లోపలి పచ్చిదనం పోదు. 'పైన పటారం, లోన లొటారం' అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సగం ఉడికిన కోడిమాంసంలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు బ్రతికి ఉంటాయి. ప్రేమతో పిలిచిన అతిథికి ఆ విందే వ్యాధిని తెచ్చిపెట్టగలదు.

కనుక వివేకవంతులు మూడు రోజుల ముందుగానే సిద్ధమవుతారు. గడ్డకట్టిన కోడిని రెండు కిలోలకు ఒక రోజు చొప్పున ఫ్రిజ్‌లో ఉంచి మెత్తబరుస్తారు. వెన్నెముకను తొలగించి, పుస్తకం విప్పినట్లు పరుస్తారు. దానివలన మందం తగ్గి, వేడి సమంగా అందుతుంది. గ్రిల్లులో ఒక వైపు మాత్రమే మంట వెలిగించి, రెండవ వైపు కోడిని ఉంచి మూత వేస్తారు. లోపల ఉడికిన పిదప, చివరి కొద్ది నిమిషాలు మాత్రమే చర్మాన్ని తీవ్రమైన సెగకు చూపుతారు. కారిన కొవ్వు భగ్గున మండవచ్చు కనుక పక్కనే నిలిచి కనిపెట్టుకొని ఉంటారు. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు ప్రమాదం ఉన్నందున గ్రిల్లును ఇంటి లోపల వెలిగించరు.

ఉడికినదీ లేనిదీ రంగు చూసి నిర్ణయించరాదు. తొడలోను, రొమ్ములోను బాగా మందమైన చోట, ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చి చూడాలి. అది 74 డిగ్రీల సెల్సియస్ చూపిన తరువాతనే కోడిని దించి, ఇరవై నిమిషాలు ఆరనిచ్చి వడ్డించాలి.

కనిపించని కిరణాన్ని హెర్షెల్‌కు పట్టి ఇచ్చింది థర్మామీటరే. కనిపించని పచ్చిదనాన్ని వంట చేసేవారికి పట్టి ఇచ్చేదీ అదే. సాధనం వేగాన్ని ఇస్తుంది. ఆ వేగాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన వాడే నేర్పరి. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట నిప్పుకు కూడా వర్తిస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు
పట్టకం = కాంతిని రంగులుగా విడదీసే గాజు దిమ్మ
ఉపరితలం = పై భాగం
ఉష్ణవహనం = ఒక పదార్థంలో వేడి ఒక చోటి నుండి మరొక చోటికి పాకడం
పిదప = తరువాత

ప్రశ్నలు
1. పరారుణ కిరణాలను హెర్షెల్ ఏ విధంగా కనుగొన్నాడు?
2. 'పైన పటారం, లోన లొటారం' అన్న సామెత ఈ పాఠానికి ఎట్లా వర్తిస్తుందో వివరించండి.
3. టర్కీ కోడిని కాల్చేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను తెలపండి.