మాస్టారి పుస్తకంలో తప్పు



హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. సెలవు దొరికితే రాక్ క్లైంబింగ్‌కి వెళ్తాను. 2014లో ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాధన చేసిన భువనగిరి గుట్టే నాకూ బడి. అక్కడ నాకు నేర్పిన మాస్టారు ఈమధ్య చుట్టుపక్కల గుట్టల మీద గైడ్‌బుక్ వేశారు. కొందరు కళ్లకద్దుకున్నారు. పేరు లేకుండా వచ్చిన సమీక్షలు మాత్రం రూట్లు ఎంత కష్టమో చెప్పే గ్రేడ్లన్నీ తప్పనీ, ఆయన సగం రూట్లు ఎక్కనే లేదనీ తిట్టిపోశాయి. ఇప్పుడు మా క్లబ్ పత్రిక నన్ను సమీక్ష అడిగింది. ఫొటోలు, దారి గుర్తులు చక్కగా ఉన్నాయి. కానీ ఒకచోట 60 మీటర్ల తాడు మడిచి కిందికి దిగిపోవచ్చని రాశారు. మేం వేసి చూస్తే కొసలు నేలకు చాలా పైనే ఆగిపోయాయి. ఇది నా పేరుతో రాయడం గురుద్రోహమేమో. పేరు లేకుండా రాయనా?

– ఒక శిష్యురాలు

తల్లీ, సమీక్ష సంగతి తర్వాత. ముందు మాస్టారికి ఫోన్ చేయండి. 60 మీటర్ల తాడు మడిస్తే దిగగలిగేది 30 మీటర్లే. కొసలకు ముడి వేయకుండా దిగినవాళ్లు తాడు అయిపోయిన చోట జారి పడిపోతారు. ఎంతో అనుభవం ఉన్నవాళ్లూ అలా ప్రాణాలు పోగొట్టుకున్నారు. వచ్చే ఆదివారమే ఎవరో ఆ పేజీని నమ్మి దిగవచ్చు. తాడు తగిలించిన ఏ యాంకర్ నుంచి దిగారో, తాడు ఎంత తక్కువ పడిందో చెప్పండి. మిగిలిన ప్రతుల్లో సవరణ చీటీ పెట్టించడం ఆయన చేతిలో పని. ఆయన నొచ్చుకుని ఊరుకుంటే క్లబ్బులకు మీరే చెప్పాలి, అదీ పేరుతోనే. మళ్లీ అడిగి తెలుసుకోవడానికి మనిషి లేని హెచ్చరికను ఎవరు నమ్ముతారు?

గ్రేడు సంగతి వేరు. పొడుగు మనిషికి అందే పట్టు పొట్టి మనిషికి అందదు. మే ఎండలో చెమట చేతికి జారే రాయి డిసెంబరు పొద్దున గట్టి పట్టునిస్తుంది. కాబట్టి మీ ఎత్తు, ఎక్కిన కాలం చెప్పి, నాకు కష్టమైంది అని రాస్తే చాలు.

‘ఎక్కనే లేదు’ అన్నది రూటు మీద విమర్శ కాదు, మనిషి నిజాయితీ మీద నింద. ఇతరులు చెప్పిన రూట్లను కూడా గైడ్‌బుక్కుల్లో చేర్చడం మామూలే. ఆ మాట పుస్తకంలో చెప్పాలంతే. ఆధారం చూపకుండా, ముఖం దాచుకుని ఒకరి పరువు తీయడం అన్యాయం.

పేరు దాచడమే తప్పని నేననను. లండన్‌లోని టైమ్స్ లిటరరీ సప్లిమెంట్ 1974 దాకా పేర్లు లేకుండానే సమీక్షలు వేసింది. కానీ రాసిందెవరో సంపాదకుడికి తెలుసు, అడిగితే జవాబు చెప్పుకోవలసింది ఆయనే. శిక్షణలో వేధింపులు, కొలువు పోతుందన్న భయం ఉన్నచోట పేరు దాచడం రక్షణ. మీరు ఈ శీర్షికకు పేరు లేకుండా రాయడమూ సబబే, ఇందులో ఎవరి పరువూ పోలేదు. మాస్టారి వల్ల మీకు హాని లేదు, ఆయన మనసు నొచ్చుకుంటుందనే మీ దిగులు. అనామకంగా రాస్తే ఆ నొప్పి తగ్గదు, పైగా ఆయన ప్రతి శిష్యుణ్నీ అనుమానించాల్సి వస్తుంది.

ఆయన మీ గురువని సమీక్ష మొదట్లోనే చెప్పేయండి. ఫొటోల గురించి మెచ్చుకోలు దాచకండి. ఆ దిగే చోటు గురించి కొలతతో సహా రాయండి. ఈలోగా ఆయన సరిదిద్దితే ఆ సవరణనూ పక్కనే అచ్చు వేయించండి.