పికప్ బండికి ట్యూనింగ్ కావాలా, సంరక్షణ కావాలా?

చేవెళ్ల, మొయినాబాద్ నుంచి తెల్లవారుజామున మెహదీపట్నం రైతుబజారుకు పోయే బండి దారిలో ఆగితే, ఎండెక్కేసరికి ఆకుకూర వాడిపోతుంది. అందుకే నేను పికప్‌కు ట్యూనింగ్ చేయించను.

ట్యూనింగ్ అంటే ఇంజన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చి డీజిల్, టర్బో ప్రెషర్ పెంచడం. లాగుడు పెరుగుతుంది, నిజమే. కానీ వేడి కూడా పెరిగి టర్బో, క్లచ్ తొందరగా పోతాయి. యూరియా అతిగా వేస్తే పైరు పచ్చబడుతుంది, కానీ నేల దెబ్బతింటుంది, ఇదీ అంతే. అదనంగా కమాన్ పట్టీలు వేయించినా బ్రేకుల బలం పెరగదు.

నేను చేసేవి ఇవి:

1. మట్టిరోడ్డు బండి కాబట్టి ఎయిర్ ఫిల్టర్ తరచూ చూస్తాను.
2. డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీళ్లు వదులుతాను.
3. ఆయిల్ గడువుకే మారుస్తాను.
4. ఆర్సీలో ఉన్న బరువు దాటనివ్వను.
5. లోడుతో వచ్చాక నిమిషం ఆగి ఇంజన్ ఆపుతాను. లేదంటే టర్బోలో ఆయిల్ మాడుతుంది.

ఎలా చేయాలో వీడియోలో చూపించాను, చూడండి.