ఒకే ఇంట్లో ఉంటే చాలా? ఆశ్రమవాసిక పర్వం చెప్పే పాఠం

వీడియోలో టైం చాలక వదిలేసిన ఘట్టం ఇక్కడ రాస్తున్నాను.

పెద్దవాళ్లు పిల్లల దగ్గరుంటే ఇక ఏ దిగులూ లేదని మనం అనుకుంటాం. మహాభారతంలోని ఆశ్రమవాసిక పర్వం చదివితే అది సగమే నిజమని తెలుస్తుంది.

యుద్ధం అయ్యాక ధృతరాష్ట్రుడు 15 ఏళ్లు పాండవుల దగ్గరే ఉన్నాడు. ధర్మరాజు ఏ లోటూ రానివ్వలేదు. కుంతి, ద్రౌపది గాంధారిని కనిపెట్టుకుని ఉన్నారు. కానీ భీముడు పాత పగ మరిచిపోలేదు. అన్నకు తెలియకుండా, ఆ ముసలాయన చెవిన పడేలా, కౌరవుల్ని చంపింది ఈ చేతులేనని జబ్బలు చరిచేవాడు. ఆయన మనసు విరిగిపోయింది. చాటుగా తిండి తగ్గించేశాడు, నేలమీద పడుకున్నాడు. అది గాంధారికొక్కదానికే తెలుసు. అడవికి వెళ్తానని చెప్పిన రోజున గానీ ధర్మరాజుకి ఈ సంగతి తెలియలేదు. తెలిశాక కుమిలిపోయాడు.

గమనించారా? భీముడి కోపానికి కారణం ఉంది. లక్క ఇల్లు, జూదం, ద్రౌపదికి జరిగిన అవమానం చిన్నవి కావు. అయినా ఆ మాటల వల్ల, ధర్మరాజు 15 ఏళ్లు చేసిన సేవ కూడా ఆయన్ని ఆ ఇంట్లో ఉంచలేకపోయింది.

మన ఇళ్లలోనూ గది ఇస్తాం, మందులు తెస్తాం. పాత గొడవ మాత్రం వాళ్లకి వినపడేలా ఎత్తుతాం. నేను చెప్పేది ఒక్కటే. రోజుకి ఒక పూటైనా వాళ్ల పక్కన కూర్చుని తినండి. “తిన్నారా?” అంటే “తిన్నాం” అనేస్తారు. పక్కన కూర్చుంటేనే కంచంలో ఏం మిగిలిందో కనబడుతుంది.

శుభం.