డయల్ మీద రెండు అక్షరాలు

వాచీ పెట్టుకుని రోజుకు ఎన్నోసార్లు టైము చూసుకుంటాం. ముళ్ల కింద ఉండే డయల్‌ను ఎవరు చేశారని మాత్రం అడగం. ఖరీదైన స్విస్ వాచీల్లో కొన్నింటి డయల్ ఒక్క మనిషి బల్ల దగ్గర కూర్చుని ఎన్నో రోజులు చేసిన పని. అటువంటి పనుల్లో ఒకటైన ఎనామిల్ గురించి ఇప్పుడు తెలుసుకుందాం.

ఎనామిల్ అంటే గాజే. రంగు గాజును మెత్తగా నూరి, నీళ్లతో కడిగి, ఆ పొడిని లోహపు రేకు మీద పరిచి సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. పొడి కరిగి రేకుకు అంటుకుపోతుంది. జైపూర్ నగల మీద కనిపించే మీనాకారీ కూడా ఈ కోవలోదే. గాజులో కోబాల్టు కలిస్తే నీలం, రాగి కలిస్తే ఆకుపచ్చ వస్తాయి.

ఇందులో 'క్లాయిసొనే' అనే పద్ధతి ఉంది. సన్నని బంగారు తీగను పట్టకారుతో వంచి బొమ్మ గీతలుగా అమర్చుతారు. ఆ గీతల మధ్య గళ్లలో పొడి నింపి కాలుస్తారు. కరిగాక పొడి కుంగుతుంది కనుక మళ్లీ నింపాలి, మళ్లీ కాల్చాలి. కాల్చిన ప్రతిసారీ పగులు వస్తుందేమో, బుడగ లేస్తుందేమో అని భయమే. చివరిసారి పగిలినా పని మొదటికి వస్తుంది.

1969 డిసెంబర్ 25న జపాన్‌కు చెందిన సీకో సంస్థ మొదటి క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. తర్వాత చవకైన క్వార్ట్జ్ వాచీలు మార్కెట్‌ను ముంచెత్తాయి. 1970లో స్విస్ వాచీ పరిశ్రమలో సుమారు 90 వేల మంది పనిచేసేవారు. 1980ల మధ్యకు 30 వేల పైచిలుకే మిగిలారు. ఎనామిల్ వంటి పనులు నేర్చుకునేవారూ తగ్గిపోయారు.

ఆ గడ్డు రోజుల్లోనూ సుజాన్ రోర్ అనే కళాకారిణి ఎనామిల్ మీద సూక్ష్మచిత్రాలు వేయడం మానలేదు. ఆమె దగ్గర ఆ విద్య నేర్చుకున్న అనితా పోర్షే సొంత వర్క్‌షాపు పెట్టుకుని పెద్ద పెద్ద కంపెనీలకు డయళ్లు చేశారు. 2017లో జెనీవా గ్రాండ్ ప్రి జ్యూరీ ప్రత్యేక బహుమతిని గురువుకూ శిష్యురాలికీ కలిపి ఇచ్చారు. 2020లో యునెస్కో, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దేశాల యాంత్రిక గడియారాల తయారీ నైపుణ్యాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

డయల్ మీద పెద్దగా కనిపించేది కంపెనీ పేరే. అయినా పోర్షే చేసిన కొన్ని డయళ్ల మీద ఆమె పేరులోని తొలి అక్షరాలు రెండు, చిన్నవిగా ఉంటాయి. పని చేసిన చేతికి ఒక పేరుందని అవి చెబుతాయి.

మిత్రులారా! మనలో చాలామంది అమ్మానాన్నలు చేతిపని మీద బతికేవారే. చెప్పు కుట్టేవారు, బుట్ట అల్లేవారు, డప్పుకు తోలు బిగించేవారు, గోడ కట్టేవారు ఉన్నారు. హాస్టల్ దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్న చోట మనం 'కూలి' అని రాసి ఊరుకుంటాం. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని నేర్చుకున్నదీ చదువే. ఈసారి ఆ గడిలో పని పేరు పూర్తిగా రాద్దాం.